లక్క, మైనం, వజ్రపు బంక

జాజ్ సంగీత చరిత్ర రాసేవాళ్ళు 1953 మే 15 నాటి టొరంటో కచేరీని తలుచుకోకుండా ఉండరు. ఆ రాత్రి మాసీ హాలులో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ, బడ్ పావెల్, చార్లెస్ మింగస్, మాక్స్ రోచ్ ఒకే వేదిక ఎక్కారు. ఆ ఐదుగురి గురించి రాయాల్సింది చాలామంది రాసేశారు. నన్ను పట్టుకున్నది పార్కర్ చేతిలోని వస్తువు. అది ఇత్తడి సాక్సాఫోన్ కాదు, ప్లాస్టిక్‌ది. గ్రాఫ్టన్ అన్న పేరుతో 1950లో ఇంగ్లండు నుంచి బజారులోకి వచ్చిన తెల్లటి యాక్రిలిక్ వాయిద్యం. ఇత్తడి సాక్సు కన్నా బాగా చవక. మరో జాజ్ సాక్సు వాద్యకారుడు ఓర్నెట్ కోల్మన్ కూడా డబ్బు చాలకే దాన్ని కొన్నాడు. తర్వాత దాని గొంతు మీద మనసు పారేసుకుని ఏళ్ళ తరబడి అదే ఊదాడు. ఇంతటివాళ్ళ చేతుల్లో పడ్డాక ఏ వాయిద్యానికైనా ఇంకేం కావాలి? అయినా ఇరవై ఏళ్ళు తిరక్కుండానే దాని తయారీ ఆగిపోయింది. కింద పడితే పగిలేది, పగిలితే అతుకు నిలిచేది కాదు. స్ప్రింగులు దానికోసమే చేసినవి కాబట్టి మరో సాక్సు నుంచి పీకి పెట్టే వీలు లేదు. రిపేరు చేసేవాళ్ళు చాలామంది దాన్ని ముట్టుకోవడానికే ఇష్టపడేవారు కాదు. ఆ టొరంటో కచేరీ జరిగిన మరుసటేడు, 1954లో, ఫ్రాన్సులోని సెల్మర్ కంపెనీ మార్క్ సిక్స్ అనే ఇత్తడి సాక్సును బయటికి తెచ్చింది. అప్పట్లో అమ్మిన ఆ సాక్సులను ఇప్పటికీ జాజ్ వాయించేవాళ్ళు వెతికి వెతికి కొని వేదికల మీద వాయిస్తున్నారు. పార్కర్ గ్రాఫ్టన్ మాత్రం కాన్సాస్ సిటీ జాజ్ మ్యూజియంలో అద్దాల వెనక ఉంది.

ఆ ప్లాస్టిక్ సాక్సు నాదంలో లోపం ఉందని పార్కర్ వాయించగా విన్నవాళ్ళెవరూ అనలేరు. తేడా అంతా విప్పడంలోనూ బిగించడంలోనూ వచ్చింది. కొత్త వాయిద్యం కొనేటప్పుడు మనం అడిగే ప్రశ్నలు మామూలుగా రెండు: ఎంత? ఎలా మోగుతుంది? చెడితే ఎవరు విప్పుతారన్న మూడో ప్రశ్న చెడినప్పుడు గానీ గుర్తు రాదు. మన రాజాం లాంటి చిన్న ఊళ్ళో ఉంటూ సంగీతం వాయించేవాడు ఆ మూడోదాన్నే ముందు అడగాలని నా వాదన. వాయిద్యం పారిస్‌లో పుట్టిందా పాలకొండలో పుట్టిందా అన్నది పెద్ద లెక్కలోది కాదు. దాన్ని విప్పగలిగే చెయ్యి బస్సు దూరంలో దొరికితే అది కొన్నాళ్ళకు మనదై కూర్చుంటుంది. దొరక్కపోతే ఎంత గొప్ప నాదమైనా అటక ఎక్కుతుంది.

సాక్సాఫోన్ చూడ్డానికి పెద్ద యంత్రంలా బెదిరిస్తుంది గానీ, బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్ 1846లో పేటెంటు తీసుకున్న నాటి నుంచి దాని లోపలి సంగతి పెద్దగా మారలేదు. ఇత్తడి గొట్టం, దానికి బెజ్జాలు, బెజ్జాలకు మూతలు, ప్రతి మూత లోపలా ఫెల్టు మీద పల్చటి తోలు కప్పిన ప్యాడు. ఆల్టో సాక్సుకు ఇవి పాతికకు అటూ ఇటుగా ఉంటాయి. ఒక్క ప్యాడు వెంట్రుకవాసి ఎత్తుగా కూర్చున్నా గాలి కారిపోతుంది. కింది స్వరాలు పలకవు, పలికినా జీరపోతాయి. మన సముద్రపు గాలికి, ఊదేవాడి నోటి తడికి తోలు ఉబ్బుతుంది, తర్వాత ఎండకు గిడసబారుతుంది. రిపేరు తెలిసినవాడు గదిలో దీపాలార్పి గొట్టంలోకి సన్నటి లైటు దింపుతాడు. మూత మూసినా అంచున వెలుగు గీతలా కనిపించిందంటే గాలి పోయేది అక్కడే. లేదంటే సిగరెట్టు కాగితం ముక్కను ప్యాడు కింద పెట్టి, మూత మూసి, మెల్లగా లాగి చూస్తాడు. చుట్టూ ఎక్కడ పెట్టి లాగినా కాగితం ఒకే బిగువుతో రావాలి. ప్యాడును మూతకు అంటించే పాతకాలపు జిగురు లక్క. మూత వెనక మంట చూపిస్తే లక్క మెత్తబడి ప్యాడు కదులుతుంది. గోటితో ఇంత జరిపి, నొక్కి పట్టి, చల్లారనిస్తే సరి. ఏటికొప్పాక బొమ్మల మీద రంగై మెరిసే లక్కే పారిస్ సాక్సు లోపల ప్యాడును పట్టుకుని కూర్చుంటుందన్నమాట.

ఇప్పుడు రాజాం నుంచి బొబ్బిలి వైపు వెళదాం. బొబ్బిలి పక్కనే గొల్లపల్లి. అక్కడ సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. కుండ, దండి అతుకు లేకుండా ఒకే పనస దుంగలోంచి తొలిచి తీసే ఏకాండి వీణ వాళ్ళ ప్రత్యేకత. అందరూ మెచ్చుకునేది ఆ చెక్కుడు పనినే. నాకు మాత్రం అసలు తెలివి దండి మీద ఉన్న మైనంలో కనిపిస్తుంది. వీణకు 24 మెట్లు. అవి గిటారు మెట్లలా చెక్కలోకి దిగగొట్టినవి కావు. దండి పొడవునా రెండు వైపులా నల్లటి మైనం గట్లు పోసి, వాటి మీద కంచు మెట్లను కూర్చోబెడతారు. మేళం కట్టేవాడు ఒక్కో మెట్టునూ కొద్దిగా వేడి తగిలించి, తీగ మీటి, చెవొగ్గి, అటు ఇంత ఇటు ఇంత జరిపి స్వరం దొరికిన చోట నొక్కేస్తాడు. కొలబద్ద చూసి చేసే పని కాదిది, శ్రుతి చూసి చేసేది. వేసవి ఎండకు మైనం మెత్తబడుతుంది, వేళ్ళ ఒత్తిడికి మెట్లు జరుగుతాయి, కంచు మీద తీగలు గాడి చేస్తాయి. అందుకని వీణ కొన్నవాడు కొన్నాళ్ళకోసారి మళ్ళీ మేళం కట్టించుకోక తప్పదు. ఇది లోపం కదా అని ఇంజనీరింగు చదివినవాడు అడగొచ్చు. శాశ్వతంగా బిగించేస్తే ఈ బాధ ఉండదు కదా అంటాడు. బిగించేస్తే ఆ రోజు కుదిరిన శ్రుతే ఆ వీణకు శాశ్వతమైపోతుంది. చెక్క ఆరి ఒంగినా, తీగలు మార్చినా సర్దుకునే దారి ఉండదు. మైనం ఆ దారి తెరిచి ఉంచుతోంది. పైగా చేసినవాడికీ వాయించేవాడికీ మధ్య రాకపోకలు ఆగకుండా చూస్తోంది.

ఫిడేలు కథా ఇదే. దాని పై పలకను పక్కలకు అంటించేది జంతువుల తోలు, ఎముకలు ఉడికించి తీసే బంక. మన వడ్రంగులు వజ్రపు బంక అనేది ఆ జాతిదే. ఫిడేలు పనివాళ్ళు దాన్ని కావాలనే పల్చగా రాస్తారు. చెక్క పిగిలేలోపు అతుకే ఊడాలని వాళ్ళ లెక్క. ఊడిన అతుకును మళ్ళీ అంటించొచ్చు, పిగిలిన చెక్కను ఏం చేస్తాం? లోపలి ఆధారపు పుల్లకూ, తీగల కింది గుర్రానికీ అసలు బంకే ఉండదు, తీగల బిగువుకే నిలబడతాయి. ఇలా ఎటు కావాలంటే అటు సర్దుకునే వస్తువు కాబట్టే ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని పాశ్చాత్యుల దగ్గర నేర్చుకుని మన సంగీతానికి తేగలిగారు. వాళ్ళు నిలబడి గడ్డం కింద పెట్టుకునేదాన్ని మనవాళ్ళు నేల మీద కూర్చుని పాదానికి ఆనించారు, తీగల శ్రుతిని షడ్జ పంచమాలకు మార్చేశారు. చెక్కలో మాత్రం ఏ మార్పూ అక్కర్లేకపోయింది. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల తెరిచి, ఆదిభట్ల నారాయణదాసు గారిని అధ్యక్షులుగా పెట్టినప్పుడు ఫిడేలుకు ఆచార్యులుగా వచ్చిన ద్వారం వేంకటస్వామి నాయుడు గారు ఆ వాయిద్యాన్ని పక్కవాద్యం చాప మీంచి లేపి కచేరీ మధ్యలో కూర్చోబెట్టారు. పాశ్చాత్యుల కమాను పట్టును కూడా శ్రద్ధగా గమనించి తనకు కావాల్సింది తీసుకున్నారు. 1936లో ఆ కళాశాలకు ఆయనే అధ్యక్షులయ్యారు. విదేశీ వాయిద్యాన్ని తన పేరుతో చెప్పుకునే స్థితికి విజయనగరం రావడానికి నాయుడు గారి ప్రతిభ ముఖ్య కారణం, అందులో అనుమానం లేదు. ఆ ప్రతిభకు పట్టు దొరికింది మాత్రం ఫిడేలు ఒప్పుకునే వస్తువు కాబట్టే.

హార్మోనియం దగ్గర సాక్ష్యం ఇంకా సూటిగా దొరుకుతుంది. యూరపులో కాళ్ళతో తొక్కి వాయించే పెట్టెను 1870లలో కలకత్తాకు చెందిన ద్వారకానాథ ఘోష్ చేత్తో తిత్తి కొట్టుకునేలా మార్చాడు. నేల మీద కూర్చునేవాళ్ళకు అనువుగా ఉండడం ఒక్కటే కాదు ఆయన చూసింది. లోపలి పనిని తేలిక చేసి, తక్కువ ఖర్చుతో తయారయ్యేలా, సులువుగా బాగుచేసుకునేలా మలిచాడు. దాని ఇత్తడి రీడును కొసన గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. ఈ ఒక్క సూత్రం తెలిసి, చేతిలో చిన్న ఆకురాయి ఉంటే చాలు. పద్యనాటకాల కంపెనీలు ఎడ్ల బండి మీద దాన్ని ఊరూరా తిప్పగలిగింది అందుకే. గమకాలు పలకవని, శ్రుతి మనది కాదని విమర్శించి 1940లో ఆకాశవాణి దాన్ని గెంటేసింది, 1971 దాకా తలుపు తియ్యలేదు. పండితుల విమర్శ శాస్త్రరీత్యా తప్పు కూడా కాదు. అయినా ఆ ముప్పై ఏళ్ళలో హార్మోనియం మన పల్లెల్లో ఒక్క నాటకపు పందిరి కిందనుంచైనా కదిలిందా? రేడియో చెల్లదన్నదాన్ని ఊళ్ళు చెల్లించాయి, చెడితే ఊళ్ళోనే బాగయ్యేది కాబట్టి.

ఇక్కడికి వచ్చేసరికి కీబోర్డు, ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ వాయించే కుర్రాడు చెయ్యెత్తుతాడు. అతని మాట వినితీరాలి. పెళ్ళి రిసెప్షన్లో, అమ్మవారి పండగలో, గణపతి పందిట్లో ఇప్పుడు వాయించేది అతనే. ఒక్క ఆక్టోప్యాడ్ పెట్టెలో డప్పు, డోలక్, తబలా, డ్రమ్స్ అన్నీ దిగుతాయి. ఆటోలో పట్టుకుపోతే ఐదుగురి పని ఒక్కడు చేస్తాడు. చెడితే పాతది ఇచ్చి కొత్తది తీసుకుంటాడు. బాగుచేయించే ఖర్చుకు ఇంకాస్త వేస్తే కొత్తదే వస్తుందంటాడు. లెక్క ప్రకారం అతను చెప్పేది అబద్ధం కాదు. ఒక డ్రమ్ము సెట్టు కొనలేని ఇంట్లో తాళజ్ఞానం ఉన్న పిల్లాడికి ఈ పెట్టె తెరిచిన దారి తక్కువదీ కాదు. అయితే ఆ లెక్కలో రెండు పద్దులు రాయడం మరిచిపోతున్నాడు. కీబోర్డు మారిన ప్రతిసారీ వేళ్ళకు అలవాటైన మీటల బరువు మారుతుంది, ఏళ్ళు పెట్టి పోగు చేసుకున్న టోన్లు పోతాయి, మళ్ళీ మొదటినుంచి. పెళ్ళి ముహూర్తానికి ముందు రోజు పెట్టె మొరాయిస్తే విశాఖపట్నం దాకా పోవాలి. అక్కడా కంపెనీకి పంపాలంటే ఆ సీజను గోవిందా. అవి రెండూ వేసుకుంటే చవక అంత చవకగా మిగలదు.

నేను కొత్తదానికి ఎదురు తిరగడం లేదు. డప్పు సంగతే చూడండి. తోలు డప్పును వాయించే ముందు మంట దగ్గర కాగబెట్టాలి. వాన పడితే మూగపోతుంది. ఇప్పుడు ఇనప చట్రానికి ఫైబరు మూత వేసి బోల్టులతో బిగించిన డప్పు వచ్చింది. పాత నాదం కొంత పోయిందని పెద్దవాళ్ళు గొణిగినా కళాకారులు దాన్ని తీసుకున్నారు, నా లెక్కలో తప్పు చెయ్యలేదు. స్పానరు ఉన్న ఎవడైనా దాన్ని బిగించగలడు, మూత చిరిగితే ఇంకోటి వేస్తాడు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ కూడా అలాంటి కొత్తదే. జంటలు జంటలుగా ఎనిమిది తీగలుండే బుల్లి వాయిద్యం ఆయన చేతిలో విడివిడి ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ అయింది. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే ఈయన మీటి నేర్చుకున్నారు. 1983లో పద్నాలుగేళ్ళ వయసులో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో అదే మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వినిపించి, తర్వాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ప్రపంచమంతా వాయించారు. పాలకొల్లులో మాండలిన్ పనివాడెవడున్నాడు, మరి మీ వాదన ఏమైందని ఎవరైనా నిలదీయవచ్చు. ఎలక్ట్రిక్ మాండలిన్‌లో ఉండేదేమిటి? చెక్క, మెట్లు, మరలు, అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నటి రాగి తీగ. రేడియో మెకానిక్కూ వడ్రంగీ కలిస్తే అర్థం కాని భాగం అందులో ఒక్కటీ లేదు. తీగలు ఎన్నుండాలో వాయించేవాడే తేల్చుకోగలిగింది అందుకే. కంగారు పెట్టేది కరెంటు కాదు, మూతే విప్పనివ్వని తయారీ. ఆక్టోప్యాడ్ రబ్బరు కింద దెబ్బను పసిగట్టే బిళ్ళ కూడా విడిగా చూస్తే కారుచవక సరుకు. సోల్డరింగు తెలిసినవాడికి అది మార్చడం పెద్ద పని కాదు. ఆ వెనక ఉండే బోర్డు దగ్గరే కథ ఆగిపోతుంది. దాని సర్క్యూటు పటం ఎవరికీ ఇవ్వరు, చిప్పు విడిగా అమ్మరు.

నా వాదనకు నిజంగా ఇబ్బంది కలిగించేది బొబ్బిలి వీణే. బాగుచేసే చేతులు పక్కనే ఉన్నాయి, పేరు ఉంది, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరి మన రాజాంలో ఎన్ని ఇళ్ళలో వీణ మోగుతోంది? గొల్లపల్లి పనివాళ్ళకు గిరాకీ తెచ్చేవాటిలో పెద్ద వాటా బహుమతి వీణలది: మూరెడు పొడవు, అద్దాల పెట్టె, సన్మాన సభల్లో శాలువాతో పాటు చేతిలో పెట్టేవి. వాటికి మేళం కట్టక్కర్లేదు, మైనం కరుగుతుందన్న భయం లేదు, ఎప్పటికీ రిపేరుకు రావు. వాయించని వస్తువు చెడేదెక్కడ? కాబట్టి ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. విప్పే చెయ్యి దగ్గర్లో ఉన్నంత మాత్రాన వాయిద్యం బతికి తీరుతుందని చెప్పలేం. వీణకు అయ్యవార్లు కావాలి, నేర్చుకునే పిల్లలు కావాలి, వినేవాళ్ళు కావాలి. కానీ రేపు ఏ పిల్ల అయినా వీణ పట్టుకుంటే ఆ పిల్ల తండ్రి ఒక్క పూటలో వెళ్ళి మేళం కట్టించుకు రాగలడు. అదే పిల్ల సాక్సాఫోన్ అడిగితే? బజారులోనో ఆన్‌లైన్లోనో కొనడం పది నిమిషాల పని. మొదటి వర్షాకాలం దాటాక ప్యాడు ఉబ్బితే పంపడానికి చోటు లేదు. వాయించడం రావడం లేదని పిల్ల తననే తిట్టుకుంటుంది, గాలి కారుతోందని చెప్పేవాడు లేక. కద్రి గోపాల్‌నాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సాఫోన్ చూసి మనసుపడి, వాయిద్యంలో తనకు కావాల్సిన మార్పులు చేయించుకుని, ఏళ్ళ తరబడి కుస్తీపట్టి దాని చేత గమకాలు పలికించారు; 1980 బొంబాయి జాజ్ ఉత్సవంలో జాజ్ వాద్యకారుడు జాన్ హాండీ ఆయన పక్కన నిలబడి వాయించేదాకా వెళ్ళారు. అంత పట్టుదల అందరికీ ఉండదు, ఉండాలని అడగడమూ న్యాయం కాదు.

ఇంతకీ రాజాంలో చేతులు లేవా అంటే, కావాల్సినన్ని ఉన్నాయి. జనపనార మిల్లుల ఊరు ఇది; వెంట్రుకవాసి తేడాను చేత్తో తడిమి చెప్పే ఫిట్టర్లకు కరువేముంది? నాలుగడుగులకో సెల్‌ఫోన్ రిపేరు కొట్టు. సూదిమొన అంత చిప్పును భూతద్దం కింద ఊడదీసి పెట్టే కుర్రాళ్ళు. ఇంజనీరింగు కాలేజీ కూడా ఊళ్ళోనే ఉంది. వీళ్ళ చేతికి పటాలు, విడిభాగాలు అందడం లేదు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో రిపేరు హక్కు అంటూ పోర్టల్ పెట్టి వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలు అన్న నాలుగు రంగాల కంపెనీల చేత రిపేరు వివరాలు అందులో పెట్టించాలని చూసింది. ట్రాక్టరుకు దొరికిన చోటు కీబోర్డుకు దొరకలేదు. వాయిద్యాల కంపెనీలను కూడా ఆ జాబితాలోకి లాగమని అడగడానికి సంగీత కళాశాలలకు ఏం అడ్డం? ఆ లోపు రాజాంలో ఎవరైనా బల్ల వేసుకుని కూర్చోదలిస్తే పెట్టుబడి పెద్దదేం కాదు: గొట్టంలోకి దింపే సన్నటి లైటు, లక్క కడ్డీ, స్పిరిటు దీపం, స్ప్రింగు లాగే కొక్కెం, సైజుల వారీగా తోలు ప్యాడ్ల పొట్లం, రీడు గీకే ఆకురాయి, సోల్డరింగు ఐరన్. బ్యాండు మేళాల క్లారినెట్లు, భజన మందిరాల హార్మోనియాలు, స్టేజి కుర్రాళ్ళ ప్యాడ్లు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. మొదటి ఏడాదిలో సాక్సు ఒక్కటీ రాకపోవచ్చు. అద్దె కట్టేది హార్మోనియాలే.